పడటానికి ఉన్నన్ని మాటలు

మంచుకొండల మీద జారే ఈ స్కీయింగ్ వాళ్ళ భాషలో పడిపోవడానికి ఉన్నన్ని మాటలు నిలబడటానికి లేవు. ఇది ఏ పుస్తకంలోనో చదివి చెప్పడం లేదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, కాళ్ళకు ఇనుప గుండ్లలాంటి బూట్లు బిగించుకుని, లోపల గజగజ వణుకుతూ నేర్చుకున్న సంగతి.

నాకు చదువు చెప్పిన పంతుళ్ళు తక్కువ. ఎనిమిదో తరగతితో బడి వదిలి తెనాలిలో ఇనుము చెక్కే ఒక లేత్ మిషన్ షాపులో చేరాను. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ నేను లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పేపరు చదివేవాడిని. మా ఆవిడ నర్సు. ఆవిడ ఉద్యోగం పుణ్యమా అని పంతొమ్మిదివందల డెబ్భైల్లో ఇద్దరం అమెరికా వచ్చాం. ఆవిడ ఆస్పత్రిలో, నేను మళ్ళీ లేత్ దగ్గర. తల వెంట్రుకలో పదో వంతు తేడా వస్తే ముక్క పక్కన పారేసే పని చేసిన వాణ్ణి నేను. అయినా మన వాళ్ళ పార్టీల్లో ఇప్పటికీ ఎవడో ఒక కుర్ర ఇంజనీరు "అంకుల్, మీరు ఏ కాలేజీ?" అని అడుగుతాడు. చెప్పాక వాడి మొహంలో వచ్చే ఆ మర్యాద ఉందే, దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండువేల ఎనిమిది నాటి చలికాలం అది. అప్పటికి ఇద్దరం రిటైరై షికాగో పక్కన అరోరాలో ఉన్నాం. మా ఆవిడతో పాటు ఎముకల వార్డులో ఏళ్ళ తరబడి పనిచేసిన తెల్లావిడ ఒకామె ఉంది. భర్త పోయాడు, పిల్లలు దూరాన ఉన్నారు. విస్కాన్సిన్‌లో పుట్టి పెరిగిన మనిషి, నడకతో పాటే స్కీయింగూ నేర్చిందట. ఆవిడ ఒకరోజు మా వంటింట్లో టీ తాగుతూ, బుధవారాలు ముసలివాళ్ళకు టికెట్ చవక, జనం కూడా ఉండరు, రమ్మని పిలిచింది. మా ఆవిడ సరే అంది. నన్ను ఒక్క మాట అడగలేదు.

తెల్లావిడ కారెక్కి వెళ్ళేదాకా ఆగి, "ఎముకలు విరిగినవాళ్ళను ముప్పై ఏళ్ళు చూశావు. చాలక నువ్వు కూడా విరగ్గొట్టుకుంటావా?" అన్నాను.

"నేను చూసినవాళ్ళలో సగంమంది బాత్రూంలో జారిపడ్డవాళ్ళేనండి. స్నానం మానేద్దామా?" అంది, కప్పులు కడుగుతూ.

నా భయం ఊరికే వచ్చింది కాదు. మా అత్తగారు బావి గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం పట్టింది. ఆ మంచం మీదనుంచి మళ్ళీ లేవలేదు. గట్టిగా బతికిన మనిషి ఒక్క జారుడుతో ఎలా అయిపోతుందో నా కళ్ళతో చూశాను. మా ఆవిడది నడక, నవ్వు, చివరికి మణికట్టు కూడా అచ్చం తల్లి పోలికే. ఎముకలు మాత్రం వేరే ఎవరి పోలికో ఎలా అవుతాయి? ఆవిడ పడితే లేవదు. ఆ ఒక్క మాట నా తలలో దిగబడిపోయింది. అందుకే, కాపలాకి, నేనూ బయలుదేరాను.

మనవాళ్ళు చలికి ఎలా తయారవుతారో అలాగే తయారయ్యాను. జీన్స్ ప్యాంటు, రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్. స్టీలు డబ్బాలో పులిహోర. విస్కాన్సిన్ సరిహద్దు దాటాక ఒక గుట్ట. దాన్ని వాళ్ళు కొండ అంటారు, మన మంగళగిరి కొండను చూసినవాడికి నవ్వొస్తుంది. కానీ దాని కింద నిలబడి తలెత్తి చూస్తే నాకు నవ్వు రాలేదు. పైనుంచి మనుషులు రాలిపడుతున్నట్టు వస్తున్నారు.

అద్దె బూట్లు తొడుక్కున్నాక మడమ కదలదు, చీలమండ కదలదు. ఎవరో నన్ను మోకాళ్ళదాకా సిమెంటులో పోత పోసినట్టుంది. నన్నూ మా ఆవిడనీ పిల్లల వాలు మీదకు తోలారు. దాన్ని బన్నీ హిల్ అంటారు. కుందేళ్ళ గుట్ట అన్నమాట. మాకు నేర్పడానికి వచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆగాలంటే స్కీల, అంటే బూట్ల కింద బిగించే పొడుగు పలకల, ముందు కొసలు దగ్గరికి తెచ్చి పిజ్జా ముక్కలా పెట్టమంది. సాగాలంటే ఫ్రెంచ్ ఫ్రైస్‌లా సమానంగా పెట్టమంది. నాకు కోపం వచ్చింది. కోణం ఎంతో చెప్పు, బరువు ఏ కాలి మీద వెయ్యాలో చెప్పు, అర్థం చేసుకుంటాను. డిగ్రీల లెక్కన బతికినవాడికి పిజ్జా ఏమిటి? ఆ మాటే అడిగాను. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి మళ్ళీ పిజ్జా అనే చెప్పింది. ఈలోగా మా ఆవిడ పిజ్జా పెట్టుకుంటూ కిందికి వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూస్తోంది. నేను మాత్రం అడుగు కదలకుండా నిలబడ్డచోటే పడ్డాను.

పడ్డాక లేవడం ఒక విద్య. దానికి ఎవరూ ముద్దు పేరు పెట్టలేదు.

తరవాతి వారాల్లో వాళ్ళ భాష కొంచెం కొంచెం వంటబట్టింది. మనిషి పడి, స్కీలు ఒకవైపు, చేతికర్రలు ఒకవైపు, టోపీ ఇంకోవైపు చెదిరిపోతే దాన్ని యార్డ్ సేల్ అంటారు. మేం ఈ దేశానికి వచ్చిన కొత్తలో మా ఇంట్లో మంచం, బల్ల, కుర్చీలు అన్నీ యార్డ్ సేల్‌లో కొన్నవే. ఎవరి ఇంటి ముందు గడ్డిలోనో సామాను పరిచి అమ్మేవాళ్ళు. ఇక్కడ పడ్డవాణ్ణి చూసి, నెత్తిమీద తీగ వెంట కుర్చీల్లో పోతున్నవాళ్ళు ఆ మాటే అరిచి నవ్వుతారు. కిందపడ్డ మనిషిని చూసి నవ్వే జాతి ఏమిటని నాకు మండిపోయేది. మంచు గట్టిపడి గాజులా అయితే బాయిలర్ ప్లేట్ అంటారు. బాయిలర్ ప్లేటంటే ఎంత దళసరి ఉక్కు రేకో నాకు తెలుసు, దాన్ని కోసినవాణ్ణి నేను. దాని మీద మనిషి తుంటి పడితే ఏమవుతుందో ఊహించుకోవడానికి నాకు డిక్షనరీ అక్కర్లేకపోయింది.

ఒకసారి లిఫ్టు దగ్గర ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు నన్ను చూసి ఏదో అనుకుని నవ్వారు. గేపర్ అన్న మాట వినిపించింది. తెల్లావిడను అడిగితే ముందు చెప్పలేదు. పట్టుబడితే చెప్పింది, ఏమీ తెలియకుండా నోరు తెరుచుకుని చూస్తూ నిలబడేవాణ్ణి అలా అంటారట. హెల్మెట్ కింద నా మంకీ క్యాప్ చూసి అన్నారేమో. నేను మంకీ క్యాప్ తియ్యలేదు. వాళ్ళ కోసం చెవులు పోగొట్టుకోను కదా.

అయితే ఆ కుర్రాళ్ళు అన్నది అబద్ధం కాదు. నేను నిజంగానే చూస్తూ నిలబడేవాణ్ణి. ఫిబ్రవరి వచ్చేసరికి మా ఆవిడ కుందేళ్ళ గుట్ట దాటి, కుర్చీ లిఫ్టులో పైకి వెళ్ళి, మధ్యరకం కష్టమని నీలం గుర్తు పెట్టిన దారిలో దిగడం మొదలుపెట్టింది. నేను ఆ లిఫ్టు ఎక్కలేదు. కుర్చీ వెనకనుంచి వచ్చి మోకాళ్ళ మడతకు కొట్టి మనిషిని ఎత్తుకుపోవడం చూసి రెండడుగులు వెనక్కి వేసేవాణ్ణి. కింద కర్రలు పాతుకుని నిలబడి, పైనుంచి వచ్చే ప్రతి మనిషినీ ఆవిడేనా అని చూసేవాణ్ణి. ఆవిడ కనిపించేదాకా ఊపిరి సగమే ఆడేది. కనిపించాక మిగతా సగం తీసుకునేలోపు మళ్ళీ లిఫ్టు లైనులో నిలబడేది. దిగివచ్చిన ప్రతిసారీ ఆవిడ బుగ్గలు ఎర్రబడి ఉండేవి. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో చూశాను అలాంటి మొహాన్ని. అది చూసి సంతోషించాలో, ఏడవాలో తెలిసేది కాదు.

అక్కడి ఆచారం ఒకటి చెప్పాలి. ఆ కొండ మీద ఎవరూ "ఇదే ఆఖరు" అనరు. సాయంత్రం అలిసిపోయి ఇంకొక్కసారి దిగి ఇంటికి పోదామనుకున్నా ఆ మాట పైకి చెప్పరు. "టూ మోర్, స్కిప్ వన్" అంటారు. ఇంకా రెండున్నాయి, వాటిలో ఒకటి మానేద్దాం అని. ఆఖరిది అన్నామంటే అదే నిజంగా ఆఖరిదైపోతుందట, కాలో చెయ్యో విరుగుతుందట. తెల్లావిడ ఇదంతా చాలా గంభీరంగా చెప్పింది. ఎముకల వార్డులో అన్నేళ్ళు పనిచేసిన మనిషి ఇలా మాట్లాడటమేమిటని నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. ఆవిడకు అది కొత్తేం కాదు. వాళ్ళ పుట్టింట్లో బయలుదేరేవాళ్ళను ఎక్కడికి అని అడగకూడదు, దూరమా అనాలి. పోతానని అనకూడదు, వెళ్ళొస్తాననాలి. డబ్బాలో బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. కొత్త అల్లుణ్ణి అయ్యుండి కూడా నేను మా మామగారు చెప్పులేసుకోగానే "ఎక్కడికండీ?" అని గట్టిగా అడిగేవాణ్ణి. మాటకీ జరిగేదానికీ సంబంధం లేదని నా వాదన. ఇప్పటికీ అదే నా వాదన.

ఒక బుధవారం పొద్దున్న సన్నగా వాన పడి, మధ్యాహ్నానికి గడ్డకట్టింది. నేను ఇంటికి పోదామన్నాను. ఒకటికి రెండుసార్లు అన్నాను. పొద్దు వాలుతోంది. కొండ నీడ మా మీదకు వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ మళ్ళీ లిఫ్టు వైపు తిరిగారు. ఈసారి కొండ వెనక దారిలో వెళ్తారట. అది కిందనుంచి కనబడదు.

నేను అడిగాను. "ఇదే ఆఖరా?"

ఇంగ్లీషులోనే అడిగాను, "లాస్ట్ రన్?" అని. చలికీ కోపానికీ గట్టిగానే వచ్చింది. తెల్లావిడ మొహంలో నవ్వు ఆగిపోయింది. మా ఆవిడ కళ్ళద్దాలు పైకెత్తి నన్ను చూసింది.

"అలా అడగొద్దని చెప్పిందిగా ఆవిడ."

"అడిగితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. కానీ అడక్కుండా ఉంటే మీ సొమ్మేం పోయింది?"

కుర్చీ వచ్చి ఇద్దర్నీ ఎత్తుకుపోయింది. చెట్ల మీదుగా వెళ్ళి కనబడకుండా పోయారు.

నేను నిలబడ్డాను. మామూలుగా ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, ఒంట్లోనే ఒక గడియారం తయారై ఉంది. ఆ వేళ దాటింది. దిగేవాళ్ళు పలచబడ్డారు. నీలం కోటు ఒకటి వస్తే ఆవిడేననుకున్నాను, కాదు. పొట్టి మనిషి ఒకరు పిజ్జా పెట్టుకుంటూ వస్తే ఆవిడేననుకున్నాను, ఎవరో పిల్లవాడు. లిఫ్టు దగ్గర అడ్డంగా తాడు కట్టేశారు. ఖాళీ కుర్చీలు వరసగా ఊగుతూ దిగి వస్తున్నాయి. తాడు కట్టినవాణ్ణి అడిగాను, ఇద్దరు ముసలాళ్ళు వెనక దారిలో ఉన్నారని. అతను చేతి రేడియోలో ఏదో మాట్లాడి, కంగారుపడొద్దు అన్నాడు. నన్ను ఎవరైనా కంగారుపడొద్దు అంటే అప్పుడే అసలు కంగారు మొదలవుతుంది. అతను చెప్పని మాట ఏదో ఉందనిపించింది. కాళ్ళు చల్లబడి బూట్లలో ఉన్నాయో లేవో తెలియలేదు. మా అత్తగారి మంచం కళ్ళ ముందు నిలబడింది. ఆ గదిలో మందుల వాసన కూడా తగిలింది. నిజం.

అప్పుడు కొండ పక్క మలుపులోంచి ఎర్రకోటు వేసుకున్న, కొండ మీద గస్తీ తిరిగే మనిషి ఒక బండిని పట్టుకుని దిగుతూ కనిపించాడు. చక్రాలు లేని పడవలాంటి బండి. దాని మీద మనిషిని పడుకోబెట్టి, తల నుంచి పాదాల దాకా నారింజరంగు టార్పాలిన్ కప్పి, పట్టీలతో బిగించారు.

మొహం కూడా కప్పేశారు.

మన దగ్గర మొహం మీద గుడ్డ కప్పారంటే దానికి ఒకటే అర్థం. ఇంకో అర్థం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ టార్పాలిన్ పక్కనుంచి మెరూన్ రంగు మఫ్లర్ కొస ఒకటి వేలాడుతోంది. అది మా ఆవిడది. కిందటి చలికాలం ఆవిడే అల్లుకుంది. పొద్దున్న కార్లో కూర్చునేటప్పుడు మెడకు చుట్టుకోవడం చూశాను.

నేను కూలబడ్డాను. పడ్డానని కూడా తెలియలేదు. ఆ బండి నా దగ్గరికి వస్తున్నంతసేపు ఒకటే అనుకున్నాను, ఇంకా కొంచెం నెమ్మదిగా వస్తే బాగుండును, రాకుండా ఉంటే ఇంకా బాగుండునని.

బండి ఆగింది. ఎర్రకోటు మనిషి పట్టీ విప్పి టార్పాలిన్ పై అంచు మడిచాడు. లోపల తెల్లావిడ మొహం. నొప్పితో పాలిపోయి ఉంది కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. దారిలో బండి ముందునుంచి ఎగిరే మంచు మొహం మీద పడకుండా అలా కప్పుతారట. ఆ సంగతి తరవాత తెలిసింది. ఎడమ చెయ్యి మా ఆవిడ మఫ్లర్‌తో మెడకు కట్టి ఉంది. గాజులాంటి మంచు మీద స్కీ అంచు జారి పడింది, మెడ పక్క ఎముక విరిగింది. నన్ను చూసి పళ్ళు బిగబట్టే, అడిగావుగా నువ్వు, అంది. ఆ నొప్పిలో కూడా నవ్వడానికే చూసింది.

మా ఆవిడ వాళ్ళ వెనకాల చాలా దూరంలో వచ్చింది. రెండు జతల కర్రలు చంకలో ఇరికించుకుని, కాళ్ళు వెడల్పుగా పెట్టి, అంగుళం అంగుళం దిగుతోంది. దగ్గరికి వచ్చాక నేను అరిచాను. ఏం అరిచానో రాయను. చుట్టూ ఉన్నవాళ్ళు తల తిప్పుకున్నారు. ఆవిడ గ్లోవ్స్ తీసింది. "నీళ్ళున్నాయా?" అని మాత్రం అడిగింది.

ఆ సంగతి వారం తిరిగేలోపే మనవాళ్ళందరికీ తెలిసింది. ఫ్రీమాంట్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, అమ్మని ఇంక స్టాప్ చెయ్యి, ప్లీజ్" అంది. గుడి క్యాంటీన్‌లో ఒక కుర్రాడు చేతులు జోడించి, "అంకుల్, రేపు ఇండియా ఫ్లైట్ ఎక్కుతున్నా, నన్ను మాత్రం ఏమీ అడక్కండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మంచు గడ్డకట్టిందనీ, ఇంటికి పోదామని మొదట అన్నది నేనేననీ ఒక్కడికీ పట్టలేదు. వాన పడిన కొండ మీద ఎముక విరగడానికి నా నోరెందుకు? ఇంజనీర్లు, డాక్టర్లు నవ్విన నవ్వది. చదువుకున్నవాళ్ళ చదువు ఇంతే.

అయితే ఆ వారమంతా నాకో విషయం తోస్తూ వచ్చింది. ఆ కొండ మీదవాళ్ళు పడటానికి అన్ని పేర్లు పెట్టుకున్నది ధైర్యం ఎక్కువై కాదు. వాళ్ళకూ భయమే. మనం గొంతు తగ్గించి మాట మార్చినట్టు, వాళ్ళు గొంతు పెంచి నవ్వుతారు. అది అర్థమైనంత మాత్రాన నా భయం తగ్గలేదు. ఇంతమంది భయపడుతున్నది ఊరికే అయ్యుండదని ఇంకాస్త పెరిగింది.

మంగళవారం రాత్రి భోజనాల దగ్గర ఆవిడ, రేపు వెళ్దామండీ అంది.

వద్దన్నాను. గట్టిగానే అన్నాను. మీ అమ్మను చూశావుగా అన్నాను. అంతవరకు ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఆవిడ కంచంలో వేళ్ళు ఆపింది. "చూశాను. ఆ బావి గట్టు మీద పడేదాకా అమ్మ ఏ సరదా కోసమూ గడప దాటలేదు. అదీ చూశాను." మళ్ళీ, "మీకు నేను పడతానని కాదు. నేను లేకపోతే ఇంట్లో బియ్యం ఎక్కడున్నాయో తెలియదు. అదీ మీ బాధ" అంది.

బియ్యం ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఆ మాటే అన్నాను. ఆవిడ నవ్వింది.

మర్నాడు నేనే కారు నడిపాను. దారంతా ఒకటే ఆలోచన. ఆవిడను ఆపలేను. మళ్ళీ కింద నిలబడి ఆ మలుపు వైపు చూడటం నా వల్ల కాదు. దానికంటే పడటమే నయం. లిఫ్టు లైనులో ఆవిడ పక్కన నిలబడితే, ఆవిడ కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. కుర్చీ మోకాళ్ళ వెనక కొట్టింది. కాళ్ళ కింద నేల పోయింది. ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని పైదాకా వెళ్ళాను. దిగేటప్పుడు ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

పైన గాలి. కింద అంతా తెలుపు, ఆ తెలుపు అంచున కార్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. నా కాళ్ళు కదలలేదు. పక్కనుంచి మనుషులు సర్రుమని పోతున్నారు. మా ఆవిడ నా కంటే నాలుగు బారలు కిందికి జారి, వాలుకి అడ్డంగా, సరిగ్గా నా దారిలో ఆగి, నా వైపు తిరిగి నిలబడింది.

"తప్పుకో. జారితే నీ మీద పడతాను" అన్నాను.

"పడండి" అంది.

పట్టుకుంటానని అనలేదు. భయం లేదనీ అనలేదు. అక్కడే నిలబడింది. ఆవిడ మోకాళ్ళు కూడా వణుకుతున్నాయని నాకు కనిపిస్తూనే ఉంది. నేను స్కీల కొసలు దగ్గరికి తెచ్చుకుని, బరువు ముందుకు వేశాను.